పోయినవాళ్లతో నాలుగు మాటలు

దయ్యాన్ని సీసాలో పెట్టి బిరడా బిగించడం మన విజయనగరం వైపు పద్ధతి. నేనంటున్న మాట కాదిది. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన "కన్యాశుల్కం"లో పూజారి గవరయ్యని తలుచుకోండి! చూసి నవ్వుకుంటాం గాని, మన ఇళ్లలో జరిగేదీ ఇంచుమించు అదే కదూ? పోయినవాళ్లు కలలో కనబడితే చాలు, పిల్లల నుదుట విబూది, దండకి తాయెత్తు. బతికున్నన్నాళ్లూ "అత్తయ్యా, మామయ్యా" అని పిలిచినవాళ్లే, కన్ను మూసేసరికి మనకి భయమైపోతారు.

అక్కణ్ణించి ఉత్తరంగా వెళ్లి సీతంపేట, భద్రగిరి కొండలెక్కితే సవరల ఊళ్లు. మొన్న మొన్నటిదాకా ఇవి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలే. 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా అయింది. ఒరిస్సా వైపు పర్లాకిమిడి, గుణుపురం కొండల్లోనూ ఉన్నదీ సవరలే. ఆ కొండల్లో దయ్యాన్ని తరిమే పద్ధతి లేదు. రమ్మని పిలిచి, కూర్చోబెట్టి, "ఏం కావాలి నీకు?" అని అడిగేవారు.

ఈ సవరల మాటని ముందుగా శ్రద్ధగా విన్న తెలుగువాడు మన గిడుగు రామమూర్తి పంతులుగారు. 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. సొంత డబ్బుతో వాళ్లకి బళ్లు పెట్టించారు. 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. ఆ కొండల్లో తిరిగి తెచ్చుకున్న మలేరియాకి క్వినైన్ మింగీ మింగీ చివరికి చెవులు పోగొట్టుకున్నారాయన. ఒక జాతి మాట వినడానికి వెళ్లి, వినికిడినే ఇచ్చి వచ్చారన్నమాట!

సవరలకి వైద్యం, పూజ వేరువేరు కావు. రెండూ చేసే మనిషి మగవాడైతే "కుడాన్", ఆడదైతే "కుడాన్‌బోయి". ఆడవాళ్లే ఎక్కువ పేరున్నవాళ్లంటే మీకు ఆశ్చర్యంగా ఉంటుందేమో. ఒరిస్సా వైపు సవరలలో ఉండి చూసి వెరియర్ ఎల్విన్ 1955లో పెద్ద గ్రంథమే రాశారు. కుడాన్‌బోయికి పాతాళంలో ఒక భర్త ఉంటాడట. అతను సవర కాదు, మైదానపు పెద్దకులం వాడు! ఆ కాపురంలో పిల్లలు కూడానూ. రాత్రిళ్లు ఆయన పసివాణ్ణి తీసుకొస్తే పాలిచ్చి పంపుతుందట. పగలు ఈ లోకపు మొగుడికి గంజి కాయడం మామూలే. రెండు కాపురాలు ఈదుకొచ్చే ఆ తల్లి ఓపికకి దణ్ణం పెట్టాలి.

ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసిందనుకోండి. ఆమె దీపం పెట్టుకుని కూర్చుని, పాడుతూ పాడుతూ కళ్లు మూసుకుంటుంది. ఆమె ప్రాణం పాతాళానికి దిగిపోతుంది. ఆ ఖాళీ అయిన ఒంట్లోకి పోయినవాళ్లు ఒక్కొక్కరే వస్తారు. రాగానే కాస్త కల్లు అడుగుతారు. ఇంటివాళ్లంతా చుట్టూ చేరతారు. పలకరింపులు, ఏడుపులు, దెప్పుళ్లు, మధ్యలో వేళాకోళాలు. "నన్నెందుకు సరిగా చూడలేదు?" అని వాళ్లంటే, "మా దగ్గరేముందని?" అని వీళ్లు. ఇదొక్కసారితో అయిపోదు. ఏళ్ల తరబడి సాగుతుంది.

వాళ్ల లెక్కలో జబ్బుకి కారణం పగ మాత్రమే కాదు, ప్రేమ కూడా. ఏ దగ్గుతోనో పోయిన తల్లి, బిడ్డ మీద బెంగతో దగ్గరకి వస్తుంది. దాంతో ఆ దగ్గే బిడ్డకీ అంటుకుంటుంది. అందుకని ఆమెకి బలి ఇస్తారు, గోడ మీద ఎర్రమట్టి పూసి బియ్యప్పిండితో ఆమెకొక ఇల్లు గీస్తారు. కొన్నేళ్లకి ఆ కోపతాపాలన్నీ చల్లారి, ఆమె పెద్దల్లో కలిసిపోతుంది. అప్పుడు ఇంట్లో పుట్టిన పిల్లకి తన పేరిస్తుంది. ఈ మాట మాత్రం మనకి కొత్త కాదు. అత్తగారి పేరు పెట్టుకున్న కూతుర్ని పేరు పెట్టి తిట్టలేక "బుజ్జీ" అని సరిపెట్టుకునే కోడళ్లం మనం.

దూరాన హవాయి దీవుల్లోనూ ఇలాంటిదొకటుంది. "హోఓపోనోపోనో" అంటారు. ఇంట్లో జబ్బు చేస్తే కుటుంబమంతా ఒకచోట కూర్చుని, మనసులో పెట్టుకున్న తగువులన్నీ బయటపెట్టి, ఒకరినొకరు క్షమించుకోవడం. సముద్రాల అవతలివాళ్లకీ మన కొండలవాళ్లకీ ఒకటే తోచింది. మింగేసిన మాట ఒంట్లో జబ్బవుతుందని.

అయితే అంతా బంగారమని నేననను. దున్నపోతుని బలివ్వాలంటే అప్పు చెయ్యాలి. ఆ అప్పు మైదానపు సావుకారు చేతికి పోయేది, దాంతో భూమీ పోయేది. మలేరియాతో కాలిపోతున్న పిల్లాడికి కావలసింది మందే. అందులో వాదం లేదు.

ఇప్పుడు ఆ మాటలు కూడా సద్దుమణుగుతున్నాయి. 1970ల నుంచీ ఒరిస్సా సవరల మధ్య తిరిగిన పీర్స్ విటెబ్‌స్కీ 2017లో వేసిన పుస్తకంలో ఆ సంగతి రాశారు. కుడాన్‌బోయిల పిల్లలూ మనవలూ క్రైస్తవులయ్యారు, చదువుకున్నారు. పోయినవాళ్లు దేవుడి దగ్గరున్నారు కనక పిలవక్కర్లేదన్నది వాళ్ల నమ్మకం. అప్పులు తప్పాయి, భయమూ తప్పింది. తల్లితో మరొక్కసారి పోట్లాడే వీలు కూడా తప్పిపోయింది.

మన ఇళ్ల సంగతి చూడండి. పన్నెండు రోజులూ మంత్రాలు చదివేది పురోహితులు, పిండం పెట్టేది కొడుకులు. వంటింట్లో పొయ్యి ముందు కూర్చున్న కోడలూ, పుట్టింటికొచ్చిన కూతురూ ఏం చెప్పుకోవాలనుకున్నారో ఎవరూ అడగరు. పదమూడో రోజుకి అందరూ బస్సెక్కేస్తారు. ఆ మాట అలాగే ఉండిపోతుంది, ఏళ్ల తరబడి.

దున్నపోతులూ వద్దు, పాతాళాలూ వద్దు. ఈసారి మీ ఇంట్లో తద్దినం పెట్టినప్పుడు, భోజనాలయ్యాక ఆ మహాతల్లి గురించి ఒక గంట అందరూ కూర్చుని మాట్లాడుకోండి. మంచి మాటలే చెప్పుకోవాలనేం లేదు. దెప్పుళ్లు కూడా చెప్పుకోండి. వినడానికి ఆవిడ వచ్చినా రాకపోయినా, పక్కన కూర్చున్న ఆడపడుచు వింటుంది.