మూడు ఆటలకు అరువొచ్చిన గోల్‌కీపర్



ఇన్నాళ్లూ మన పల్లెల సంగతి, మన పెద్దలు వలస వచ్చిన దావల సంగతి రాస్తూ వచ్చాం. ఈసారి ఒక్కసారికి ఇంగ్లండు పోదాం. జిమ్మీ గ్లాస్ అనే గోల్‌కీపర్ కథ ఇది. మీలో చాలామంది ఈ పేరు విని ఉండరు. అందరూ వినేంత పెద్ద ఆటగాడు కూడా కాదు. కానీ రైల్వేలో లీవ్ రిజర్వ్ క్లర్కులుగా తిరిగిన మాబోటి వాళ్లకు అతని బతుకు వెంటనే అర్థమవుతుంది. ఎవరికో జబ్బు చేస్తే, ఎవరింట్లోనో పెళ్లయితే, ఆ స్టేషనుకు మమ్మల్ని పంపేవాళ్లు. మూడు రోజులో పది రోజులో కౌంటర్లో కూర్చుని టికెట్లిచ్చి, క్యాష్ అప్పజెప్పి, సంచి పట్టుకుని తిరిగి వచ్చేవాళ్లం. ఆ ఊరికి మా పేరు కూడా తెలిసేది కాదు. గ్లాస్ కూడా అలాగే ఒక ఊరికి మూడు ఆటలకు పోయాడు. తేడా ఏమంటే, ఆ ఊరు అతని పేరు మరిచిపోలేదు.

ఊరి పేరు కార్లైల్. ఇంగ్లండుకు వాయవ్య కొసన, స్కాట్లండు ఎల్లకు ఆనుకుని ఉంటుంది. రైల్వేవాళ్లం కదా, మాకు ముందు స్టేషనే కంటపడుతుంది. ఒకప్పుడు ఏడు వేరువేరు రైల్వే కంపెనీల బళ్లు కార్లైల్ సిటాడెల్ స్టేషనులోకి వచ్చేవి. సెటిల్ నుంచి కార్లైల్‌కు కొండల మీదుగా పోయే లైనును మూసేద్దామని చూస్తే, జనం ఏళ్ల తరబడి పోరాడి 1989లో నిలబెట్టుకున్నారు. ఎల్ల మీది ఊరి సంగతి మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. రాజధాని దూరం, పట్టించుకునేవాడు తక్కువ. ఉన్నదాన్ని పోగొట్టుకోకుండా ఉండడమే పెద్ద పని.

ఆ ఊరికి ఉన్నది కార్లైల్ యునైటెడ్ అనే ఫుట్‌బాల్ క్లబ్బు. 1928లో డరమ్ సిటీ అనే క్లబ్బును తప్పించి, వీళ్లను ఓట్లేసి ఫుట్‌బాల్ లీగ్‌లోకి తీసుకున్నారు. ఈ ఓట్ల సంగతి మన సంఘం వాళ్లకు తప్పక చెప్పాలి. 1986 దాకా ఇంగ్లండులో అట్టడుగున నిలిచిన క్లబ్బులు లీగ్ వార్షిక సమావేశంలో తోటి క్లబ్బుల ముందు చేతులు కట్టుకుని నిలబడి, మమ్మల్ని ఇంకో ఏడాది ఉంచండి అని ఓట్లు అడగాలి. బయటి క్లబ్బులు కూడా అదే ఓట్లకు పోటీ పడతాయి. మామూలుగా పాత సభ్యులు పాత సభ్యులనే కాపాడుకునేవాళ్లు. రేపు తామూ ఆ వరసలో నిలబడవలసి రావచ్చు కదా. అయినా కొందరికి ఆ దయ దక్కలేదు. 1972లో బారో క్లబ్బును తీసేసి హియర్‌ఫర్డ్‌ను తీసుకున్నారు. 1977లో వర్కింగ్టన్‌ను తీసేసి వింబుల్డన్‌ను తీసుకున్నారు. బారో, వర్కింగ్టన్, కార్లైల్ మూడూ కంబ్రియా అనే ఒకే జిల్లావి. రెండు పోయాక ఆ జిల్లాకు లీగ్‌లో మిగిలిన ఒకే ఒక్క క్లబ్బు కార్లైల్.

1987 నుంచి ఓట్ల పద్ధతి పోయింది. నాలుగో మెట్టులో ఆఖరున ఉన్న జట్టు నేరుగా బయటికి, కింది కాన్ఫరెన్స్‌లో గెలిచిన జట్టు నేరుగా లోపలికి. ఆ కొత్త దావలో మొట్టమొదట లోపలికి వచ్చింది స్కార్‌బరో, తూర్పు సముద్రపు ఒడ్డున ఉన్న ఊరి క్లబ్బు. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

కార్లైల్‌కు మంచి రోజులు లేకపోలేదు. 1974 ఆగస్టులో ఇంగ్లండు మొత్తానికి పెద్దదైన ఫస్ట్ డివిజన్‌లో మూడు ఆటలు ఆడి మూడూ గెలిచి పట్టిక పైన నిలిచారు. ఏడాది తిరిగేసరికి అదే పట్టికలో ఆఖరి స్థానం. ఆ తర్వాత జారుడే ఎక్కువ. 1992లో మైకేల్ నైటన్ అనే పెద్దమనిషి క్లబ్బును కొన్నాడు. 1989లో మాంచెస్టర్ యునైటెడ్‌నే కొంటానని వచ్చి, జనం ముందు మైదానంలో బంతి ఎగరేసి చూపించి, చివరికి కొనలేక వెనక్కి తగ్గినవాడు ఇతనే. పదేళ్లలో కార్లైల్‌ను ప్రీమియర్ లీగ్‌లో నిలబెడతానన్నాడు. ఏడేళ్లు గడిచేసరికి క్లబ్బు లీగ్‌లో ఉంటుందా లేదా అన్న కాడికి వచ్చింది.

ఇక మన గోల్‌కీపర్. గ్లాస్ 1973లో లండన్ దగ్గరి ఎప్సమ్‌లో పుట్టాడు. క్రిస్టల్ ప్యాలెస్ క్లబ్బులో పెరిగాడు, కానీ అక్కడి పెద్ద జట్టుకు ఒక్క లీగ్ ఆట కూడా ఆడలేదు. ఇది గోల్‌కీపర్లకున్న శాపం. పదిమంది ఇతర ఆటగాళ్లలో ఎవరు అలిసినా ఇంకొకరిని దింపుతారు, ఒకచోట కాకపోతే ఇంకోచోట ఆడిస్తారు. గోలు ముందు మాత్రం ఒక్కడికే చోటు. ఆ ఒక్కడికి చెయ్యో కాలో విరిగితే తప్ప రెండోవాడు బెంచీ మీద చలికోటు కప్పుకుని కూర్చోవలసిందే. ఏళ్లు అలా గడిచిపోతాయి.

అతనికి అసలైన ఉద్యోగం దొరికింది బోర్న్‌మత్‌లో. 1996 నుంచి రెండేళ్లలో తొంభైకి పైగా లీగ్ ఆటలు ఆడాడు. ఆ క్లబ్బు అప్పుల్లో మునిగి 1997లో మూతపడబోతే ఊరి జనమే చందాలెత్తి నిలబెట్టారు. మరుసటేడు ఏప్రిల్‌లో అదే జట్టు వెంబ్లీ మైదానంలో, అరవై వేలకు పైబడిన జనం ముందు, చిన్న డివిజన్ల కప్పు ఫైనల్ ఆడింది. ఒక గోలు ముందంజలో ఉండగా గ్లాస్ బంతిని తన గోలులోకే వేసుకున్నాడు. గ్రిమ్స్‌బీ 2-1తో గెలిచింది. గోల్‌కీపర్ చేసిన తప్పుకు మాఫీ ఉండదు. ముందాట ఆడేవాడు పది గోళ్లు పోగొట్టినా సాయంత్రానికి ఒకటి వేస్తే వీరుడే. కీపర్‌ది క్యాష్ కౌంటర్ లాంటి ఉద్యోగం. ముప్పై ఏళ్లు లెక్క సరిగ్గా అప్పజెప్పినా ఎవరూ అడగరు, ఒక్కరోజు తక్కువొస్తే అందరికీ గుర్తుంటుంది.

అక్కడినుంచి స్విండన్‌కు మారాడు. కొన్ని ఆటలకే చోటు పోయింది, మళ్లీ బెంచీ. అదే సమయంలో కార్లైల్ తన అసలు కీపర్‌ను బ్లాక్‌పూల్‌కు అమ్ముకుంది. అరువు తెచ్చుకున్నవాణ్ని డెర్బీ వాళ్లు వెనక్కి పిలిచేశారు. ఆటగాళ్లను మార్చుకునే గడువు దాటిపోయింది. సీజన్ చివరికి వచ్చి, లీగ్ నుంచి పడిపోయే అంచున నిలబడి, గోలు కాయడానికి మనిషి లేడు. దీన్ని దురదృష్టం అనడానికి మాకు మనసొప్పడం లేదు. ఇది ఉత్త నిర్వాకం. లీగ్ దగ్గర ప్రత్యేకంగా అనుమతి అడుక్కుని, స్విండన్ నుంచి గ్లాస్‌ను అత్యవసరం కింద తెచ్చుకున్నారు. మిగిలింది మూడు ఆటలే.

మూడోది 1999 మే 8, శనివారం. సొంత మైదానం బ్రంటన్ పార్క్‌లో ప్లిమత్‌తో ఆట. పట్టికలో స్కార్‌బరో కన్నా కార్లైల్ ఒక్క పాయింటు వెనక ఉంది. ఆఖరి స్థానం వీళ్లదే. ఏడున్నర వేలమంది చూస్తుండగా రెండో సగం మొదట్లోనే ప్లిమత్ గోలు వేసింది. డేవిడ్ బ్రైట్‌వెల్ సమం చేశాడు. 1-1తో ముగిస్తే చాలదు. అవతల స్కార్‌బరో కూడా పీటర్‌బరోతో 1-1 దగ్గర ఉంది. అక్కడ ఆట ముందే ముగిసింది. స్కార్‌బరో జనం మైదానంలోకి దిగి, బతికిపోయాం అని ఒకళ్లనొకళ్లు కావలించుకుంటున్నారు. కొందరు చెవి దగ్గర రేడియో పెట్టుకుని కార్లైల్ ఆట ముగిసిందన్న మాట కోసం కాచుకుని ఉన్నారు.

కార్లైల్‌లో అదనంగా ఇచ్చింది నాలుగు నిమిషాలు. అవీ దాదాపు అయిపోయాయి. ఆఖరిగా ఒక కార్నర్ దొరికింది. గ్లాస్ బెంచీ వైపు చూశాడు. మేనేజరు నైజెల్ పియర్సన్ పొమ్మని చెయ్యూపాడు. ఆట తెలియనివాళ్లకు ఒక మాట: గోల్‌కీపర్ మైదానంలో ఎక్కడికైనా పోవచ్చు, తన పెట్టె దాటితే బంతిని చేత్తో ముట్టకూడదు, అంతే. కాని తన గోలు ఖాళీగా వదిలి ఎవరు పోతారు? పోగొట్టుకోవడానికి ఏమీ లేనివాళ్లు పోతారు. ఎర్ర చొక్కా వేసుకుని గ్లాస్ మైదానం ఆ కొస నుంచి ఈ కొసకు పరుగెత్తాడు. గ్రేహమ్ ఆంథొనీ కార్నర్ కొట్టాడు. స్కాట్ డోబీ తలతో కొట్టిన బంతిని ప్లిమత్ కీపర్ తోసేశాడు. అది వచ్చి గ్లాస్ ముందు పడింది. కుడికాలితో ఒక్క తన్ను. గోలు.

జనమంతా మైదానంలోకి ఉరికారు. వాళ్లను బయటికి పంపి మళ్లీ ఆట మొదలుపెట్టాక రిఫరీ వెంటనే విజిల్ ఊదేశాడు. కార్లైల్‌కు 49 పాయింట్లు, స్కార్‌బరోకు 48. రేడియో పట్టుకుని నిలబడ్డ స్కార్‌బరో వాళ్లకు అక్కడే, ఆ పచ్చగడ్డి మీదే సంగతి తెలిసింది. పన్నెండేళ్ల కిందట ఏ దావలో వచ్చారో అదే దావలో బయటికి పోయారు.

ఈ కథ చెప్పేవాళ్లు ఇక్కడే ఆపేస్తారు. మాకు ఆపబుద్ధి కాలేదు. జమ రాసినవాళ్లం ఖర్చు కూడా రాయాలి కదా. 1879లో పుట్టిన స్కార్‌బరో క్లబ్బు మళ్లీ లీగ్‌లోకి రాలేదు. అప్పులు పెరిగి 2007లో కోర్టు దాన్ని మూయించింది. ఒక్క గోలే ముంచిందని మేము అనం, అప్పులు చేసింది గ్లాస్ కాదు. ఊరివాళ్లు అదే ఏడాది స్కార్‌బరో అథ్లెటిక్ పేరుతో కొత్త క్లబ్బు పెట్టుకున్నారు. ఇటు కార్లైల్ మాత్రం గట్టెక్కిందా? 2004లో ఎలాగూ పడిపోయింది. మరుసటేడే తిరిగి వచ్చింది. 2025లో మళ్లీ పడిపోయింది. తమాషా ఏమంటే 1972లో ఓట్లతో గెంటేసిన బారో 48 ఏళ్లకు, 2020లో, ఆడి గెలిచి లీగ్‌లోకి తిరిగొచ్చింది.

గ్లాస్ సంగతి. కార్లైల్‌లో అతనికి ఉద్యోగం స్థిరపడలేదు. మూడు ఆటలు, ఒక గోలు, అంతే లెక్క. తర్వాత బ్రెంట్‌ఫర్డ్‌కు, ఆక్స్‌ఫర్డ్‌కు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఆటలు ఆడి, ఇరవై ఏడేళ్లకే లీగ్ ఆట వదిలేశాడు. మేము ఆ వయసులో ఇంకా పర్మనెంటు ఆర్డరు కోసం చూస్తున్నాం. కంప్యూటర్ల అమ్మకం పని చేశాడు, ఏళ్ల తరబడి డోర్సెట్‌లో టాక్సీ నడిపాడు. 2004లో తన కథ పుస్తకంగా వేశాడు. దానికి పెట్టిన పేరుకు అర్థం, ఒక్క పాటతో పేరొచ్చి ఆ తర్వాత వినబడని గాయకుడు అని. తన గురించి తానే అంత సూటిగా చెప్పుకున్నాడు.

ఆ తర్వాత బోర్న్‌మత్ క్లబ్బే అతన్ని మళ్లీ పిలిచింది. చందాలతో బతికిన ఆ క్లబ్బు 2015కల్లా ప్రీమియర్ లీగ్‌కు చేరింది. అక్కడ గ్లాస్‌కు ఇచ్చింది ఆటగాళ్ల బాగోగులు చూసే ఉద్యోగం. కొత్త ఊరికి వచ్చిన ఆటగాడు కుటుంబంతో కుదురుకోవడానికి ఏం కావాలో చూసిపెట్టాలి. పరాయి ఊళ్లో సంచి పట్టుకుని దిగినవాడికి ఏమేం కావాలో అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు.