సాంతోస్ బల్ల మీద దోషాల లెక్క

బ్రెజిల్ కాఫీ వర్తకంలో రుచి చూసేవారి పని చాలాకాలం పాటు దోషాలను పట్టుకోవడమే. 1727లో ఫ్రెంచ్ గయానా నుంచి పరా ప్రాంతానికి చేరిన కాఫీ, తర్వాతి శతాబ్దంలో రియో డి జనీరో వెనుక లోయల్లోనూ, ఆపై సావో పాలో పీఠభూమిలోనూ బానిసల వెట్టిచాకిరీతో విస్తరించి, సాంతోస్‌ను ప్రపంచంలోకెల్లా పెద్ద కాఫీ రేవును చేసింది. ఎన్నెన్నో తోటల సరుకు కలగలిసే ఆ రేవులో కంటపడని బస్తాకు ధర కట్టడానికి నమూనా ఒక్కటే ఆధారం కనుక, 300 గ్రాముల పచ్చి గింజలను బల్లపై పరచి దోషాలు లెక్కించే పద్ధతి స్థిరపడింది. నల్ల గింజ ఒక్కటైనా ఒక దోషమే. పులిసినవి రెండైతే ఒకటి, విరిగినవి ఐదైతే ఒకటి, పెద్ద రాయి ఒక్కటే ఐదు దోషాలు. మొత్తం నాలుగు దాటకుంటే సరుకు టైపు 2, 360కి చేరితే టైపు 8.

ఆ తర్వాత గిన్నె వంతు. గింజలను లేతగా వేయించి, బరకగా పొడి చేసి, వేడినీళ్లు పోసి, పైకి తేలిన తెట్టును చెంచాతో చీల్చి వాసన చూసి, చప్పుడయ్యేలా జుర్రి ఉమ్మేస్తారు. ముదురుగా వేయిస్తే బూజు వాసన, పులుపు అన్నీ మాడు చేదు కింద దాగిపోతాయి కాబట్టే లేత వేపుడు; తాగడానికి ఇంపుగా ఉంటుందని కాదు. ఫలితాన్ని మృదువైన 'మోలి', నాలుకను పట్టేసే 'దూరా', కింది స్థాయిలో 'రియో' వంటి వర్గాలుగా విభజించారు. రియో అంటే అయోడిన్‌ను తలపించే ఘాటు. దానికి ట్రైక్లోరోఅనిసోల్ అనే సమ్మేళనం ముఖ్య కారణమని తర్వాతి కాలపు రసాయన పరిశోధన చూపింది. అయినా తూర్పు మధ్యధరా తీరంలో ఆ ఘాటుకే అలవాటుపడి, దాన్నే కోరి కొనేవారున్నారన్న సంగతి ఈ వర్గీకరణ ఎవరి నాలుకను కొలమానంగా తీసుకుందో చెబుతుంది.

1952లో ఏర్పడిన బ్రెజిల్ కాఫీ సంస్థ ఎగుమతులను నియంత్రించినంత కాలం మేలైన సరుకును విడిగా అమ్ముకోవడానికి రైతుకు పెద్దగా ప్రోత్సాహం లేదు. 1989లో అంతర్జాతీయ కాఫీ ఎగుమతి కోటాలు కూలి, మరుసటి ఏడు ఆ సంస్థ రద్దయ్యాక పరిస్థితి మారింది. 1999లో మినాస్ జెరైస్ రాష్ట్రంలో జరిగిన పోటీ, అంటే తర్వాత 'కప్ ఆఫ్ ఎక్సలెన్స్'గా పేరుపడినది, గెలిచిన కాఫీలను ఇంటర్నెట్ వేలానికి పెట్టింది. వేపుడు, చెంచా పాతవే. అడిగే ప్రశ్న కొత్తది. సువాసన, ఆమ్లత, తీపి, నోటిలో తోచే చిక్కదనం వంటివాటికి మార్కులు వేసి, నూటికి 80 లేదా అంతకు మించి వచ్చినదాన్ని స్పెషాలిటీ కాఫీ అనడం రివాజైంది. ఆమ్లత చురుకుగా ఉన్న కాఫీలకే ఈ కొలత మొగ్గు చూపడం వల్ల, చాక్లెట్, వేరుశనగ రుచులతో నెమ్మదిగా సాగే బ్రెజిల్ గింజకు కొంత అన్యాయం జరిగిందనే చెప్పాలి. 2003 నాటి ప్రభుత్వ నిబంధనలు టైపులను, మోలి, దూరా, రియో పేర్లను అలాగే ఉంచినందువల్ల, ఒకే సరుకు ఇటు దోషాల లెక్కనూ అటు మార్కులనూ వెంటబెట్టుకుని ఓడ ఎక్కవచ్చు.