నైట్రిక్ ఆక్సైడు: ఎలక్ట్రాన్లకు కాపలా ఎవరు?

వాహనాల పొగలో ఉండే నైట్రిక్ ఆక్సైడు వాయువే మన రక్తనాళాలను సడలిస్తుందని 1987లో తేలింది. మరి ఈ విషవాయువును శరీరం ఎలా అదుపులో ఉంచుతుంది?

1990లో అమెరికా శాస్త్రజ్ఞులు బ్రెడ్ట్, స్నైడర్‌లు దీన్ని తయారుచేసే ఎంజైమును ఎలుక మెదడు నుంచి వేరుచేశారు. అది పనిచేయాలంటే కాల్షియం, కాల్‌మాడ్యులిన్ అనే ప్రొటీను కావాలి. ఎందుకో 1993లో అబూ-సూద్, స్ట్యూర్‌లు వివరించారు. ఎలక్ట్రాన్లు మొదట ఎంజైములోని ఫ్లేవిన్లను చేరి, అక్కడ ఆగిపోతాయి. కాల్షియంతో కూడిన కాల్‌మాడ్యులిన్ వచ్చి అతుక్కుంటేనే హీమ్‌లోని ఇనుముకు దాటుతాయి. అప్పుడే ఆర్జినిన్ నుంచి నైట్రిక్ ఆక్సైడు పుడుతుంది.

రోగక్రిములు సోకినప్పుడు తయారయ్యే మరో రకం ఎంజైము మాత్రం కాల్‌మాడ్యులిన్‌ను వదలనే వదలదు. దాని తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. క్రిములను చంపే వాయువే మితిమీరితే రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది.