తాళపత్రము నుండి కంప్యూటరు వరకు: ఒక పాత పుస్తకమును తిరిగి వ్రాసిన కథ

ఈ శతజయంతి సంచికలో గుడుల పునాదిరాళ్లను గూర్చియు, బడులను ఆసుపత్రులను స్థాపించిన పెద్దలను గూర్చియు అనేకులు వ్రాయుచున్నారు. మేము ఒక పుస్తకమును గూర్చి వ్రాయదలచినాము. మా సంఘపు బీరువాలో ఒక పాత కీర్తనల పుస్తకము ఉన్నది. దాని అట్ట పోయినది, ముఖపత్రము చిరిగిపోయినది. కాగితము గోధుమరంగు తిరిగి, పేజీ త్రిప్పిన ప్రతిసారియు అంచులు పొడిపొడిగా రాలును. ఇంకొక పదేండ్లు గడచినచో చదువుటకు ఏమియు మిగులదని తోచి, మేము నలుగురము కూడి దానిని కంప్యూటరులోనికి ఎక్కించుటకు పూనుకొన్నాము. పని మొదలుపెట్టిన తరువాతనే, ఇట్టి పని మనకు ముందే అనేకులు చేసియున్నారని మాకు తెలిసివచ్చినది.

తెలుగు అక్షరములు మొట్టమొదట అచ్చెక్కినది మన దేశములో కాదు. మద్రాసులో పనిచేసి స్వదేశమునకు మరలిన బెంజమిన్ షుల్జ్ అను జర్మను మిషనెరీ 1746 ప్రాంతములో హాలే పట్టణమున చిన్న తెలుగు పుస్తకములను అచ్చు వేయించినారు. ఆయన ఎంతో శ్రమపడి చేసిన బైబిలు తర్జుమా మాత్రము అచ్చుకు నోచుకొనలేదు. వ్రాతప్రతి ఒకచోట భద్రముగా ఉండుట వేరు, జనుల చేతికి అందుట వేరు అనుటకు ఇది మొదటి ఉదాహరణము.

రెండవ ఉదాహరణము మరింత బాధాకరమైనది. విశాఖపట్టణమునకు 1805లో వచ్చిన క్రాన్, డే గ్రాంజ్ దొరలు తెలుగు నేర్చి, ఆనందరాయరు సహాయముతో సువార్తల తర్జుమా ఆరంభించినారు. ఇద్దరును కొద్ది యేండ్లలోనే కన్నుమూసినారు. వారి తర్జుమాను బెంగాలులోని సేరంపూరు ముద్రాక్షరశాలలో అచ్చు వేసినారు. ఆ ముద్రాక్షరశాల 1812 మార్చి 11వ తేదీన అగ్నికి ఆహుతి అయినది. టైపులు కరిగిపోయినవి. విలియం కేరీగారు ఏండ్ల తరబడి కూర్చిన బహుభాషా నిఘంటువు వ్రాతప్రతి బూడిదైనది. అయితే అక్షరములు పోతపోయు అచ్చుదిమ్మలు బూడిదలో చెడకుండ దొరికినవి. వాటితో మరల టైపులు పోసికొని పని సాగించినారు. ప్రతి ఒక్కటే యున్నది పోయినది; మరల పోసికొనుటకు వీలున్నది బ్రదికినది. ఈ పాఠము మా పనిలో మాకు అడుగడుగునా గుర్తుకు వచ్చినది.

సేరంపూరులో ఇల్లు గల డేవిడ్ బ్రౌన్ అను గురువుగారి కుమారుడే మన సి.పి. బ్రౌన్. ఈయన 1820లో ఉద్యోగిగా కడపకు వచ్చి, తెలుగు నేర్చి, ఊరూర తాళపత్రములను సేకరించి, జూలూరి అప్పయ్య మున్నగు పండితులకు జీతములిచ్చి పోషించినారు. ఒక్క గ్రంథమునకు దొరికినన్ని ప్రతులు తెప్పించి, ప్రక్కప్రక్కన పెట్టి, లేఖకుల పొరపాట్లను ఏరి, శుద్ధప్రతి వ్రాయించెడివారు. వేమన పద్యములు 1829లో అట్లే అచ్చయినవి. ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో మద్రాసున క్రైస్తవ జ్ఞానవ్యాపక సంఘము వారి ముద్రాక్షరశాలలో వెలువడినది. దాని రెండవ కూర్పు 1903లో వచ్చినది. దానిని సవరించిన ముగ్గురిలో కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఒకరు. ఈ కూర్పునే నేడు చికాగో విశ్వవిద్యాలయము వారు కంప్యూటరులో మాట కొట్టి వెదకుకొనునట్లు అమర్చియున్నారు. ఒక మాట అర్థము కొరకు అంత లావు పుస్తకమును త్రిప్పనక్కరలేదు.

ఇక్కడ ఒక సంగతి విశదపరచవలెను. పుస్తకమును ఫోటో తీసి కంప్యూటరులో దాచినంత మాత్రమున అది అక్షరము కాదు. అది బొమ్మ. బొమ్మలో మాటను వెదకలేము, తప్పు దిద్దలేము, అక్షరము పెద్దది చేసి మరల అచ్చు వేయలేము. ఆ బొమ్మను చూచి యంత్రము ఒక్కొక్క అక్షరమును పోల్చుకొని వ్రాయవలెను. లేదా మనిషి టైపు చేయవలెను. అట్లు వ్రాసిన అక్షరములు ఏ దేశములోని కంప్యూటరులోనైనను ఒకే రీతిగా కనబడుటకు యూనికోడ్ అను పద్ధతి ఏర్పడినది. 1991లో వచ్చిన దాని మొదటి కూర్పులోనే తెలుగునకు చోటు దొరికినది.

మేము మొదట యంత్రమునే నమ్ముకొన్నాము. పేజీ తరువాత పేజీ క్షణములో వ్రాసి ఇచ్చినది. సంతోషించినాము. చదువ మొదలుపెట్టగా సంతోషము సగమైనది. పాత అచ్చులో అరసున్నలు, బండి ఱలు విరివిగా ఉన్నవి. యంత్రము కొన్నిచోట్ల వాటిని మ్రింగివేసినది. ‘ధర్మము’ అను మాటను పూర్వులు వలపలగిలకతో అచ్చు వేసెడివారు. ఆ గిలక తెలుగు తొమ్మిది అంకెవలె ఉండును గనుక యంత్రము దానిని తొమ్మిది అనుకొని ‘ధమ౯ము’ అని వ్రాసినది. సున్న అంకెకును, అక్షరము ప్రక్కనుండు సున్నకును భేదము దానికి తెలియలేదు. ఇవన్నియు చూడగానే పట్టుబడు తప్పులు. చూచినను పట్టుబడని తప్పులు వేరే ఉన్నవి.

అందుచేత పాత ప్రూఫు పద్ధతినే ఆశ్రయించినాము. ఒకరు పాత పుస్తకమును చేతబట్టి అక్షరమక్షరము పైకి చదువుట, మరొకరు కంప్యూటరులో చూచుచు దిద్దుట. ఒక సాయంకాలము తెరమీది ప్రతినే బిగ్గరగా చదువుచుండగా, వినుచున్న మా సంఘపు అవ్వగారు ఒకరు చెయ్యెత్తి ఆపినారు. “వరము కాదు బాబూ, పరము. నేను చిన్నప్పటినుంచి పాడుతున్న పాట” అన్నారు. పుస్తకము తెరచి చూడగా ‘పరము’ అనియే ఉన్నది. పకారమునకును వకారమునకును భేదము తలకట్టు దగ్గర చిన్న ఎడమే. అచ్చులో సిరా అలుముకొని ఆ ఎడము పూడినది. వరము అనునదియు మంచి మాటయే గనుక మా నలుగురి కన్నులు దానిని దాటిపోయినవి. చూపు ఆనని అవ్వగారి చెవి పట్టుకొన్నది.

ఆ దినము నుండి ఆమెను మా ప్రక్కన కూర్చుండబెట్టుకొన్నాము. అయితే మరొక పాటలో ఆమె చెప్పిన మాటకును పుస్తకములోని మాటకును పొత్తు కుదరలేదు. పేజీ శుభ్రముగనే ఉన్నది, అక్షరము స్పష్టముగనే ఉన్నది. పాడగా పాడగా మాట మారినదని గ్రహించినాము. ఏది నిలుపవలెనని మాలో వాదము జరిగినది. అందరు పాడునదే వ్రాయుదమని కొందరము, పుస్తకములో నున్నదే వ్రాయుదమని కొందరము పట్టుబట్టినాము. కడకు అవ్వగారే తీర్పు చెప్పినారు: “పుస్తకంలో ఉన్నది పుస్తకంలో ఉండనివ్వండి, మేము పాడేది కింద రాయండి.” అట్లే చేసినాము. బ్రౌనుగారి పండితులు పాఠాంతరములను గుర్తుంచినది ఈ న్యాయము చొప్పుననే కదా. ప్రతి వ్రాయువాడు ధర్మకర్త వంటివాడు. ఆస్తి తనది కాదు, దానికి తాను మెరుగులు దిద్దరాదు.

మరొక మాట చెప్పి ముగించెదము. కొన్నేండ్ల క్రిందట మా సంఘపు వార్షికోత్సవ పుస్తకమును డి.టి.పి.లో కూర్పించి, ఫైలు భద్రముగా దాచుకొన్నాము. నేడు తెరచినచో పిచ్చిగీతలు తప్ప తెలుగు కనబడుట లేదు. అది యూనికోడ్ రాక మునుపటి ఫాంటులవంటి ఫాంటుతో కూర్చినది. కంప్యూటరులో ఉన్నదని నిశ్చింతగా ఉండరాదని అందువలన నేర్చుకొన్నాము. ఈసారి కీర్తనల పుస్తకమును యూనికోడ్‌లో వ్రాసి, పేజీల ఫోటోలతో సహా మూడు వేర్వేరు ఇండ్లలో ఉంచినాము. ఒక ప్రతిని కాగితముమీద పెద్ద అక్షరములతో తీయించి అవ్వగారి చేతికిచ్చినాము. పాత పుస్తకమును పారవేయలేదు. బట్టలో చుట్టి అదే బీరువాలో పెట్టినాము. సందేహము వచ్చినప్పుడు సాక్ష్యము చెప్పవలసినది అదియే.

మీ ఇండ్లలో పాత కీర్తనల పుస్తకములు, సంఘపు లెక్కల పుస్తకములు, బాప్తిస్మపు రిజిస్టర్ల నకళ్లు ఉన్నచో చిత్తుకాగితములలో అమ్మివేయకుడి. మాకు చూపుడి. టైపు చేయువారు మాకు దొరకుచున్నారు. అక్షరమక్షరము చదివి పెట్టువారును, పాతపాటలు ఎరిగి విని దిద్దువారును కావలెను. అట్టి పెద్దలు మన సంఘములలో ఇంకను ఉన్నారు. వారు ఉండగనే ఈ పని జరుగవలెనని మా మనవి.