పాలనరంలో పారేదేమిటి?

పాడి పశువును బేరమాడేటప్పుడు తెలిసినవాళ్లు పొదుగు చూసి ఊరుకోరు. వంగి పొట్ట కింద చెయ్యి పెట్టి పాలనరాన్ని తడుముతారు. పొదుగు ముందు అంచున మొదలై, చర్మం కిందనే మెలికలు తిరుగుతూ ముందుకాళ్ల వైపు సాగి, రొమ్ము ఎముక దగ్గర వేలికొన పట్టే గుంటలో అది మాయమవుతుంది. నరం లావుగా ఉంటే పాలు దండిగా ఇస్తుందని నమ్మకం. ఈతలు పెరిగేకొద్దీ ఎలాగూ నరం లావెక్కుతుంది కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్మి డబ్బు పెట్టకూడదు.

ఆ నరం పొదుగుకు పాలు చేరవేస్తుందనుకునేవాళ్లూ ఉన్నారు. అందులో పాలచుక్క ఉండదు. పొదుగు తనకు కావలసింది తీసుకున్నాక మిగిలిన నెత్తురు గుండెకు తిరిగిపోయే దారి అది. నెత్తురు తెచ్చే ధమని గజ్జల్లోని సందు గుండా లోపలి నుంచి దిగుతుంది, బయటికి కనపడదు. పెయ్యగా ఉన్నప్పుడు పాలనరం ఉన్నచోట రెండు చిన్న సిరలుంటాయి. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు పారుతుంది. తొలిచూలులో రెండూ వెడల్పై కలిసిపోతాయి, లోపలి కవాటాల పట్టు సడలుతుంది, నెత్తురు ముందుకు పారడం మొదలవుతుంది. ఈనకముందే ఒళ్లు ఇంత పని చేసిపెట్టుకుంటుంది.

నెత్తురుకూ పాలకూ చుట్టరికం ఉందని మనిషి ఏనాడో పసిగట్టాడు. ఒంట్లో పక్వమైన నెత్తురే పాలని అరిస్టాటిల్ చెప్పాడు. గర్భాశయం నుంచి రొమ్ముకు నేరుగా నరాలున్నాయని తర్వాతివాళ్లు నమ్మారు. అంత చూపున్న లియొనార్డో డావిన్సీ కూడా లేని ఆ నరాలను బొమ్మలో గీశాడు.

నెత్తురే పాలుగా మారుతుందన్న నమ్మకాన్ని కదిలించింది లెక్క. 1906లో ఫ్రాన్స్‌లో కౌఫ్‌మన్, మాన్యె అనే ఇద్దరు పొదుగులోంచి తిరిగి వచ్చే నెత్తురును పరీక్షించి, అందులో గ్లూకోజు తగ్గి ఉందని చూపారు. చర్మం కిందే చేతికందేట్టు పాలనరం ఉండడం వల్లే ఇలాంటి పరీక్షలు సులువయ్యాయి. పాలలోని లాక్టోజు, కేసీన్ నెత్తురులోంచి వచ్చినవి కావు. నెత్తురు తెచ్చిన గ్లూకోజు, అమైనో ఆమ్లాలతో పొదుగు వాటిని తనే తయారు చేసుకుంటుంది.

మరి ఎంత నెత్తురు పారితే ఒక లీటరు పాలు? దీన్ని పట్టుగా తేల్చినవాడు కేంబ్రిడ్జి దగ్గరి బాబ్రహామ్‌లో పనిచేసిన జేమ్స్ లింజెల్. మత్తులో లేని మేకల పాలనరంలోకి చల్లని ద్రవం ఎక్కించి, ముందు భాగంలో నెత్తురు ఎంత చల్లబడిందో చూసి, ప్రవాహాన్ని లెక్కగట్టాడు. 1960లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. లీటరు పాలకు సుమారు 500 లీటర్ల నెత్తురు పొదుగు గుండా పోవాలి. ఆవుల్లోనూ ఈ లెక్క దాదాపు ఇంతే. రోజుకు 20 లీటర్లిచ్చే ఆవు పొదుగులో 10,000 లీటర్లు, అంటే నిమిషానికి 7 లీటర్లు పారుతుందన్నమాట. ఆవు ఒంట్లో ఉండే నెత్తురు 40 లీటర్లకు అటూ ఇటూ. ఉన్నదే తిరిగి తిరిగి వస్తుంది. పితికేవాళ్లు ఒక్కసారైనా ఈ లెక్క వేసుకోవాలని నా కోరిక.

లింజెల్ అక్కడితో ఆగలేదు. మేక పొదుగును తీసి మెడలో అతికించి, అక్కడి రక్తనాళాలకు కలిపాడు. నాడుల సంబంధం తెగిపోయినా అది పాలిచ్చింది. పాలిమ్మన్న కబురు నెత్తురే మోస్తుందనడానికి ఇంకేం కావాలి?

ఈ సంగతి అంతకుముందే అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలోని పీటర్సన్‌కు తట్టింది. పశువు చేపడానికి కారణం వెతుకుతూ, 1941లో ఆయనా, ఈలీ అనే మరో పరిశోధకుడూ కలిసి ఒక ప్రయోగం చేశారు. ఆవు వీపు మీద పిల్లిని పెట్టి, పది సెకన్లకోసారి కాగితం సంచి పేల్చారు. బెదిరిన ఆవు చేపలేదు. భయంతో ఊరే అడ్రినలిన్ పొదుగు నాళాలను బిగిస్తుంది, పాలు చేపించే ఆక్సిటోసిన్ అనే హార్మోను చేరవలసిన చోటికి చేరదు. మరుసటి ఏడాది, చేపడానికి సిద్ధమైన ఆవు నెత్తురును విడిగా తీసిన పొదుగులోకి పంపితే పాలు దిగాయి. సిద్ధం కాని ఆవు నెత్తురుతో దిగలేదు. కర్రతో అదిలించి, అరిచి, తర్వాత చేపలేదని సూది వేసేవాళ్లున్నారు. దూడను వదిలి, పొదుగు కడిగి, ఒక నిమిషం ఆగితే ఆ హార్మోను దానంతటదే వస్తుంది.

1990ల నాటికి నాళం చుట్టూ అల్ట్రాసౌండ్ పరికరం బిగించి, ఆవు మామూలుగా మేస్తుండగానే ప్రవాహాన్ని కొలవగలిగారు. పడుకున్నప్పుడు పొదుగుకు నెత్తురు నిలబడినప్పటికంటే దాదాపు పావువంతు ఎక్కువగా పారుతుందని తేలింది. బురదలో, గుంటల గచ్చు మీద పడుకోలేక రోజంతా నిలబడే పశువుకు ఆ పావువంతు అందదు.

నెత్తురు ఎక్కువైతే పాలు ఎక్కువవుతాయా, పాలు తయారవుతున్నాయి గనక నెత్తురు వస్తుందా? పొదుగులో ఒక సగాన్ని పితకకుండా వదిలితే ఆ సగానికి ప్రవాహం తగ్గిపోవడం మేకల్లో చూశారు. దాన్నిబట్టి, పొదుగే తన అవసరం కొద్దీ నెత్తురును రప్పించుకుంటుందన్న వైపే నేను మొగ్గుతాను.