ఘంటసాల సంస్మరణ: చరిత్ర

తెలుగు సినీ నేపథ్య గాయకుడు, సంగీత దర్శకుడు ఘంటసాల వేంకటేశ్వరరావు (1922 డిసెంబరు 4 – 1974 ఫిబ్రవరి 11) పేరిట తెలుగువారు జరుపుకొనే జయంతులు, వర్ధంతులు, ఆరాధనోత్సవాలు, పాటల పోటీలు, నెలకొల్పిన విగ్రహాలు, సంస్థలకు పెట్టిన పేర్లు, ఆయన పాటను నిత్యజీవితంలో వాడుకునే తీరు ఈ వ్యాసానికి విషయం. కర్ణాటక సంగీతంలో త్యాగరాజుకు చెల్లే 'ఆరాధన' అనే మాట ఒక సినిమా గాయకుడికి కూడా వాడుకలోకి రావడం ఈ సంస్మరణ ప్రత్యేకత. అభిమానులు ఆయనను పేరుతో కాక 'మాస్టారు' అనే చెప్పుకుంటారు.

నేపథ్యం

ఘంటసాల పుట్టింది కృష్ణా జిల్లా గుడివాడ దగ్గరి చౌటపల్లిలో. తండ్రి సూరయ్య మృదంగం వాయిస్తూ నారాయణతీర్థుల తరంగాలు పాడేవాడు. కొడుకును భుజాన ఎక్కించుకుని భజనలకు తీసుకెళ్ళేవాడు. ఆ పిల్లవాడు తరంగాలకు ఆడే నాట్యం చూసి ఊళ్ళవాళ్ళు 'బాలభరతుడు' అన్నారు. తండ్రి చిన్నతనంలోనే పోయాడు. సంగీతం నేర్వమన్నది ఆయన ఆఖరి కోరిక. ఆ కోరిక తీర్చుకోవడానికి కుర్రవాడు చేతి ఉంగరం అమ్మి, ఆ డబ్బుతో విజయనగరం చేరాడు. మహారాజా సంగీత కళాశాలలో పట్రాయని సీతారామశాస్త్రి చేరదీసి విద్య చెప్పాడు. తిండికి ఇల్లిల్లూ తిరిగి మధూకరం ఎత్తాడు. జోలె కట్టుకున్న రోజున తొలి కబళం వేసింది కళావర్ రింగుగా ప్రసిద్ధి పొందిన నర్తకి సరిదె లక్ష్మీనరసమ్మ అని చెబుతారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు తంబురా బహూకరించాడు. సంస్మరణ సభల్లో వక్తలు తప్పకుండా చెప్పే ఘట్టాలు ఇవే. ఉంగరం, జోలె, తంబురా అనే మూడు వస్తువుల చుట్టూ ఘంటసాల కథ తిరుగుతుంది. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో పట్టుబడి బళ్ళారి అల్లీపురం జైల్లో గడిపిన కాలం ఆ ఉపన్యాసాల్లో ఒక వాక్యంతో సరి.

1944లో పెళ్ళయ్యాక అత్తవారి ఊరు పెదపులివర్రులో సినీ రచయిత సముద్రాల రాఘవాచార్య ఆయన పాట విని మద్రాసు రమ్మన్నాడు. 'స్వర్గసీమ' (1945)లో భానుమతితో కలిసి పాడే అవకాశం వచ్చింది. 'మనదేశం' (1949) ఎన్.టి. రామారావుకు తొలి చిత్రం. దానికి సంగీతం ఘంటసాలది. ఆ తర్వాత 'పాతాళభైరవి' (1951), 'దేవదాసు' (1953), 'మాయాబజార్' (1957), 'గుండమ్మ కథ' (1962), 'లవకుశ' (1963) వరసగా వచ్చాయి. వీటిలో 'దేవదాసు'కు సంగీతం సి.ఆర్. సుబ్బరామన్‌ది; మిగతావాటికి సంగీత దర్శకుడు ఘంటసాలే. 'పరోపకారం' (1953), 'సొంతవూరు' (1956), 'భక్త రఘునాథ్' (1960) స్వయంగా నిర్మించి డబ్బు పోగొట్టుకున్నాడు. ఈ మూడింటి ఊసు సభల్లో అంతగా వినిపించదు.

పద్యగానంలో ఆయన తెచ్చిన మార్పును మాత్రం ఎవరూ తక్కువ చేసి చూడలేదు. అంతకు ముందటి నాటకాల పద్యం రాగాలాపనకు దాసి. నటుడు గొంతెత్తి ఎంతసేపు సాగదీస్తే అంత గొప్ప; ప్రేక్షకులు ఒన్స్‌మోర్ కొట్టేది రాగానికే. మాట ఎక్కడో కొట్టుకుపోయేది. ఘంటసాల ఆలాపనను కురచ చేసి, మాటకు ముందు కాస్తంత, పాదం చివర కాస్తంత మిగిల్చి, పదం విరుపును అర్థం చెప్పినట్టు పలికాడు. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి 'పుష్పవిలాపం', 'కుంతీకుమారి' ఆయన గొంతులో గ్రామఫోను ప్లేట్ల మీద ఊరూరా తిరిగాయి. అక్షరం రానివాళ్ళు కూడా ఆ పద్యాలు కంఠతా పట్టారు. ఒక కవికి గాయకుడు ఇంతకు మించి చేయగల మేలు లేదు.

రజతోత్సవం నుంచి మరణం వరకు (1970–74)

సంస్మరణ చరిత్ర ఆయన బతికుండగానే మొదలైంది. 1970 ఫిబ్రవరి 1న హైదరాబాదు లాల్‌బహదూర్ స్టేడియంలో ఆయన సినీ జీవిత రజతోత్సవం జరిగింది. వేలాది జనం వచ్చారు. ఒక గాయకుడి కోసం మైదానం నిండటం ఆ నగరానికి అప్పటికి కొత్త. అదే ఏడు భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. తిరుమల తిరుపతి దేవస్థానం ఆస్థాన విద్వాంసుడిగా గౌరవించింది. 1971లో అమెరికా, ఇంగ్లండ్, జర్మనీ దేశాల్లో కచేరీలు చేశాడు. విదేశాల్లో స్థిరపడుతున్న తొలి తరం తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు ఆయనను ఎదురుగా కూర్చుని విన్నది అప్పుడే. తర్వాతి దశాబ్దాల్లో ప్రవాస తెలుగు సంఘాల సభల్లో ఘంటసాల పేరు తప్పనిసరి కావడానికి ఆ యాత్ర పునాది వేసింది.

1972లో హైదరాబాదు రవీంద్రభారతిలో కచేరీ చేస్తుండగా గుండెనొప్పి వచ్చి ఆసుపత్రి పాలయ్యాడు. అప్పటికే మధుమేహం చాలాకాలంగా ఉంది. కోలుకున్నాక పాటలు తగ్గాయి కానీ ఆగలేదు. 'భక్త తుకారాం', 'జీవన తరంగాలు', 'దేవుడు చేసిన మనుషులు' 1973 నాటివి. ఈ దశలోనే భగవద్గీత రికార్డు చేశాడు. వందకు పైగా శ్లోకాలను ఏరి, ఒక్కొక్కదానికి రాగం కట్టి, వెంటనే తెలుగు తాత్పర్యం చెబుతూ సాగిన ఆ రికార్డును హెచ్.ఎం.వి. సంస్థ ఆయన పోయాక విడుదల చేసింది. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో మరణించేనాటికి ఆయన వయసు 51. కొత్త ప్లేటు బజారులోకి వచ్చేసరికి గాయకుడు లేడు. ఆ సంగతి తెలిసి వినడం వల్ల ఆ గీతకు మొదటి రోజు నుంచే వీడ్కోలు స్వరం అంటుకుంది.

గీత, చావు ఇల్లు

ఘంటసాల స్మృతిని ఏ ప్రభుత్వమూ, ఏ అకాడమీ చేయనంతగా బతికించింది ఈ భగవద్గీతే. గుడి మైకుల్లో, రేడియో భక్తిరంజనిలో, క్యాసెట్ దుకాణాల్లో అది మోగింది. క్రమంగా మరో చోటికి మారింది. ఇంట్లో ఎవరైనా పోతే శవం దగ్గర దీపం పెట్టి, టేప్‌రికార్డరు తెచ్చి గీత పెట్టడం తెలుగు పల్లెల్లో, బస్తీల్లో ఆచారమైంది. వైకుంఠ రథం స్పీకరులో కూడా అదే. దీంతో తెల్లవారుజామున ఏ ఇంటి నుంచైనా ఆ గొంతు వినబడితే ఇరుగుపొరుగు 'ఎవరు పోయారు?' అని బయటికి వచ్చే పరిస్థితి వచ్చింది. యుద్ధానికి లెమ్మని అర్జునుడికి చెప్పిన గీత పాడె మోసేటప్పటి పాటగా కుదించుకుపోవడాన్ని ప్రవచనకారులు పలుమార్లు తప్పుపట్టారు. తప్పు గాయకుడిది కాదు. ఆ గొంతులోని ఓదార్పును జనం తమకు కావలసిన చోట వాడుకున్నారు.

వారసులు

ఆయన బాణీలో పాడుతూ వి. రామకృష్ణ (2015లో మరణం) సినిమాల్లోకి వచ్చాడు. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం ఘంటసాలతో కలిసి 'ఏకవీర' (1969)లో పాడి, తర్వాత తన దారి వేరు చేసుకున్నాడు. 1996లో మొదలైన 'పాడుతా తీయగా' టీవీ కార్యక్రమంలో పసిపిల్లల చేత ఘంటసాల పాటలు పాడించి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో ఎక్కడ కూడదో చెబుతూ ఒక తరానికి ఆయన పాఠం అందించాడు. వేదికల మీద సూటూ బూటూ లేకుండా పంచె, లాల్చీ కట్టుకుని మాస్టారి ధోరణిలో పాడే 'ఏకలవ్య శిష్యులు' జిల్లాకు పదిమంది తేలారు. వీరిలో కొందరు అనుకరణ దగ్గరే ఆగిపోయారు. గురువు సీతారామశాస్త్రి కొడుకు పట్రాయని సంగీతరావు, శిష్యుడి దగ్గర హార్మోనియంతో సహాయకుడిగా పాతికేళ్ళ పాటు నిలిచాడు. గురుఋణం తీర్చుకున్న తీరుకు దీన్ని ఉదాహరణగా చూపుతారు. సంగీతరావు 2021 జూన్‌లో నూరేళ్ళ వయసులో పోయాడు. ఘంటసాల కొడుకు, డబ్బింగ్ కళాకారుడు రత్నకుమార్ కూడా అదే నెలలో మరణించాడు.

విగ్రహాలు, బిళ్ళ, పేర్లు

విజయవాడ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలకు ఘంటసాల పేరు పెట్టారు. హైదరాబాదులో విగ్రహం రవీంద్రభారతి ఆవరణలో ఉంది. అభిమానులు ఏటా దండలు వేసేది ఆయనకు గుండెనొప్పి వచ్చిన ఆ ప్రాంగణంలోనే. 2025 డిసెంబరులో అక్కడే బాలసుబ్రహ్మణ్యం విగ్రహం కూడా నెలకొంది. అంతకు ముందు, తెలంగాణ కళాకారుల విగ్రహాల సంగతేమిటన్న ప్రశ్న గట్టిగా వినిపించింది. ఒక రాష్ట్రం రెండయ్యాక ఎవరి స్మృతిని ఎక్కడ నిలపాలన్నది ఇక అభిమానుల ఇష్టానికే తెగే విషయం కాలేదు. ఘంటసాల విగ్రహం ఆ తగవుకు ముందే అక్కడ ఉంది.

భారత తపాలా శాఖ 2003 ఫిబ్రవరి 11న, ఆయన వర్ధంతి నాడు, స్మారక బిళ్ళ విడుదల చేసింది. బయటి నుంచి ఒక పోలిక చూస్తే, స్పానిష్ మాట్లాడే లోకంలో ఘంటసాల వంటి స్థానం కార్లోస్ గార్డెల్‌ది. టాంగో పాటలకు ప్రాణం పోసిన ఆ గాయకుడు 1935లో కొలంబియాలోని మెదెయిన్‌లో విమానం కూలి పోయాడు. బ్యూనస్ ఐరిస్ చకారితా శ్మశానంలో ఆయన విగ్రహం వేళ్ళ మధ్య అభిమానులు ఇప్పటికీ వెలిగించిన సిగరెట్టు పెట్టి వస్తారు. రోజురోజుకీ బాగా పాడుతున్నాడని చెప్పుకుంటారు. ఆయన పుట్టినరోజు డిసెంబరు 11 అర్జెంటీనాకు టాంగో దినం. ఉరుగ్వేలో ఉన్న ఆయన రికార్డుల సేకరణను యునెస్కో 2003లోనే ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. అదే ఏడు ఘంటసాలకు తపాలా బిళ్ళ దక్కింది. ఆయన ప్లేట్లు మాత్రం ఇంకా ప్రైవేటు సేకర్తల పెట్టెల్లో చెల్లాచెదురుగా ఉన్నాయి.

ఉప్పల్, నాచారం

విగ్రహాలూ సంస్థలూ లేని చోట కూడా ఈ స్మృతి ఎలా నిలుస్తుందో ఉప్పల్, నాచారం చూపిస్తాయి. హైదరాబాదు తూర్పు వైపు ఉన్న ఈ ప్రాంతానికి ఘంటసాలతో సూటి సంబంధం లేదు. ఆయన పాడిన రోజుల్లో తెలుగు సినిమా మద్రాసులో ఉంది. నాచారంలో ఎన్.టి. రామారావు కుటుంబం రామకృష్ణా హార్టికల్చరల్ సినీ స్టూడియో నెలకొల్పేనాటికి ఆయన లేడు. 'దేవుడు చేసిన మనుషులు' దాకా ఏ నటుడికి గొంతయ్యాడో, ఆ నటుడి స్టూడియోలో పాడే యోగం ఆయనకు లేకపోయింది.

అయినా పాట వచ్చింది, మనుషులతో వచ్చింది. నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడల ఫ్యాక్టరీలకు, ఎన్‌జీఆర్‌ఐ వంటి పరిశోధన సంస్థల ఉద్యోగాలకు కోస్తా జిల్లాల నుంచీ, వరంగల్ దారి పొడవునా ఉన్న తెలంగాణ పల్లెల నుంచీ జనం వచ్చి ఉప్పల్, హబ్సిగూడ, రామంతాపూర్ కాలనీల్లో స్థిరపడ్డారు. యాసలు వేరు, పండుగ వంటలు వేరు. శ్రీరామనవమి పందిట్లో మైకు సెట్టువాడు పెట్టేది మాత్రం 'లవకుశ' పాటలే. దానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఈ తరహా సంస్మరణకు కమిటీ, కరపత్రం, అధ్యక్షోపన్యాసం అక్కర్లేదు. అందుకే పత్రికల్లో కనబడదు. రిటైరయిన ఉద్యోగులు అపార్టుమెంట్ల సెల్లారుల్లో, కమ్యూనిటీ హాళ్ళలో కరోకే పెట్టుకుని మాస్టారి పాటలు సాధన చేయడం ఇటీవలి మార్పు. శ్రుతి తప్పినా సభికులు చప్పట్లు కొడతారు. పద్యం దగ్గరికి వచ్చేసరికి చాలామంది తప్పుకుంటారు.

శతజయంతి, ఆ తర్వాత

2022లో శతజయంతి ఉత్సవాలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో పాటు చెన్నైలోనూ, విదేశాల్లోని తెలుగు సంఘాల్లోనూ జరిగాయి. ఆయనకు భారతరత్న ఇవ్వాలని ప్రవాస తెలుగువారు ఆన్‌లైన్‌లో సంతకాలు సేకరించారు. గాయకుడు కృష్ణచైతన్య ప్రధాన పాత్రలో సి.హెచ్. రామారావు దర్శకత్వంలో 'ఘంటసాల ది గ్రేట్' అనే జీవిత చిత్రం తయారైంది. భారత ప్రభుత్వం నుంచి ఘంటసాల అందుకున్న పౌర పురస్కారం 1970 నాటి పద్మశ్రీ ఒక్కటే.