ఉమేశ్‌చంద్ర స్మృతియు, మన సీమ పోలీసు చరిత్రయు

మన రాయలసీమలో రక్షకభట శాఖ చరిత్రను వ్రాయబూనినవాడు పాళెగాండ్ర కావలి నుండియే మొదలిడవలెను. 1800లో నిజాము దత్తమండలములను కుంపిణీవారికి ధారపోసిన నాటికి ఊరి కావలి పాళెగాని చేతిలో నుండెను. కావలి కాచువాడును, అందుకు రుసుము గుంజువాడును, రుసుము చెల్లింపని యూరిని దోచువాడును తరచుగా ఒక్కడే యగుటచే రైతునకు దొంగయెవడో దొరయెవడో తెలియని దుర్దశ యుండెను. దత్తమండలముల కలెక్టరైన థామస్ మన్రో పాళెగాండ్ర నణచెను. 1839లో నవాబు గులాం రసూల్‌ఖాను పదచ్యుతుడైన పిదప కర్నూలు కుంపిణీవారి వశమయ్యెను. 1859 నాటి మద్రాసు జిల్లా పోలీసు చట్టముతో జీతమునకు పనిచేయు పోలీసు వ్యవస్థ యేర్పడెను. 

ఇట్టి శాఖకు ఏటేట అక్టోబరు 21 సంస్మరణ దినము. 1959లో ఆనాడు లడఖ్‌లోని హాట్‌స్ప్రింగ్స్ వద్ద చైనా సేనల కాల్పులకు పదిమంది పోలీసులు నేలకొరిగిరి. మరుసటి యేటి నుండి దేశమంతట ఆ దినము నాచరించుచున్నారు. కవాతు మైదానమున అమరుల స్థూపము నెదుట భటులు తుపాకులను తలక్రిందులు చేసి, గొట్టము నేలవైపునకు దించి, తలలు వంచి నిలువగా, ఆ సంవత్సరము ప్రాణములర్పించిన వారి పేర్లను అధికారి యొకటొకటిగా చదువును.

ఆ పేర్లలో మన సీమవారు మరువని పేరు చదలవాడ ఉమేశ్‌చంద్రది. గుంటూరు జిల్లా పెదపూడిలో 1966లో పుట్టి, 1991లో ఐ.పి.ఎస్.లో చేరి, కడప జిల్లా సూపరింటెండెంటుగా వచ్చునాటికి ఇచ్చట ఫ్యాక్షను ముదిరియుండెను. గడ్డివాములలో నాటుబాంబులు, అటకలపై వేటకొడవళ్ళు. సంతకు బోయిన మగవాడు ప్రొద్దుగూకక మునుపే యిల్లు చేరవలెనని ఆడవారి యారాటము. ఎంత పేరుమోసిన ముఠానాయకుడైనను చట్టమునకు లోబడవలసినవాడేయని ఈ యువకుడు చూపెననియే జనము నేటికిని చెప్పుకొందురు. కఠినులైన యధికారులు మనకు క్రొత్తవారు కారు; వారు బదిలీ యైననాడు ఊరు ఊపిరి పీల్చుకొనును. ఈతడు వెడలిపోయిన పిదప మాత్రము జనము ఈతని దలచి దలచి చెప్పుకొనిరి. పోలీసువానిని ప్రేమించుట మన సీమలో అంత సులభముగా జరుగు పని కాదు సుమా!

కడప పిదప కరీంనగరమున పనిచేసి, తుదకు హైదరాబాదు ప్రధాన కార్యాలయమున నుద్యోగించుచుండగా, 1999 సెప్టెంబరు 4న సంజీవరెడ్డినగర్ కూడలిలో ఎర్రదీపము పడి కారు నిలిచినంతనే పీపుల్స్‌వార్ నక్సలైట్లు కాల్పులు జరిపిరి. డ్రైవరును, అంగరక్షకుడును హతులైరి. చేత ఆయుధము లేకున్నను ఉమేశ్‌చంద్ర కారు దిగి, పారిపోవక, హంతకుల వెంటబడి, వారి గుండ్లకే కూలెను. అప్పటికి వయస్సు ముప్పదిమూడేండ్లు. అంతకు ఆరేండ్ల మునుపు, 1993 జనవరి 27న, నక్సలైట్ల నెదుర్కొను గ్రేహౌండ్సు దళమును నెలకొల్పిన పోలీసు అధికారి వ్యాస్ గారిని సైతము ఆ నగరముననే లాల్‌బహదూర్ క్రీడాంగణమున ఇట్లే పొట్టన బెట్టుకొనిరి.

ఉమేశ్‌చంద్రకు ఆ కూడలిలో విగ్రహమున్నది; కడపలో ఆయన పేర పోలీసు కల్యాణమండపమున్నది. బాంబుల మోతకు బెదరిన పట్టణమున ఆయన పేరిటి మండపములో పెండ్లి బాజాలు మ్రోగుట కంటె తగిన స్మారకము నాకు తోచదు. అయిననూ ఒక్క లోటు చెప్పక తప్పదు. ఆనాడు ఆయనతో కూలిన యిద్దరి మాట ఆయన కథ చెప్పువారి నోట ఒక్క వాక్యముతో ముగియును. జిల్లా చరిత్రలు అధికారుల చరిత్రలుగా మిగులుటకు కారణమిదియే. ఈ సంచికను చదువు విశ్రాంత పోలీసు సోదరులు, విధులలో అసువులు బాసిన కానిస్టేబుళ్ళ కుటుంబములవారు, తమ యెరిగిన వారి యూరు, చదువు, పనిచేసిన స్టేషను, మరణించిన తీరు వ్రాసి సంచిక సంపాదకులకు పంపవలెనని ప్రార్థన. రాబోవు సంచికలో అట్టివారికి తలకొక పుట కేటాయించుట న్యాయము.